సంరక్షణ పట్టవిద్య – ఆర్మూరు ప్రాంతము

అడవిని, వన్యమృగములను, నేలను, నీటిని, పంటల పాత విత్తనములను క్షయింపకుండ కాపాడుకొను విధానమును బోధించు చదువునకు సంరక్షణ విద్య యని పేరు. తెలుగునాట ఈ చదువు తరచుగా తన పేరుతో గాక ఫారెస్ట్రీ, వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, పర్యావరణ శాస్త్రము, ఉద్యానశాస్త్రము అను పేర్లతో విద్యార్థికి ఎదురగును. అందుచేత దాని ద్వారమెక్కడ, వెల యెంత యను సంగతి అల్పాదాయ కుటుంబములకు సులభముగా తెలియదు. నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పసుపు ప్రాంతమును ఉదాహరణముగా గైకొని ఆ ద్వారములను, వాని వెలలను ఈ వ్యాసమున వివరింతుము.

ఆర్మూరు 44వ, 63వ జాతీయ రహదారులు కలియుచోట వెలసిన పురపాలక పట్టణము. ఊరిని ఆనుకొని బండరాళ్ల సిద్ధులగుట్టయు, దానిపై నవనాథ సిద్ధేశ్వరుని గుడియు నున్నవి, ఉత్తరమున గోదావరిపై, 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడువద్ద శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరము కలదు, చుట్టును పసుపుచేలు. దుగ్గిరాల, మైదుకూరు, టేకూరుపేట వలెనే ఆర్మూరు కూడ ఒక దేశవాళి పసుపురకమునకు తన పేరు నిచ్చిన ఊరు. ఇచ్చటి రైతు పంటలో కొంతభాగమును విత్తనమునకై వేరుచేసి, చెట్టునీడన కుప్పవోసి, పసుపాకు కప్పి, పైన మట్టియు పేడయు మెత్తి, తొలకరి దాక కాపాడును. ఎండ తగిలిన కొమ్ము ముడుచుకొనిపోవును, తడి తగిలినది కుళ్లును. ఈ రెంటి నడుమ ఒక రకమును సంవత్సరము తరువాత సంవత్సరముగా బ్రతికించుకొని వచ్చిన నేర్పును విశ్వవిద్యాలయములు నేడు జన్యువనరుల సంరక్షణ మను పేర పాఠముగా చెప్పుచున్నవి. ఆర్మూరునకు తూర్పున కమ్మరపల్లియందు పసుపు పరిశోధన కేంద్రమొకటి కలదు. అది సిద్దిపేట జిల్లా ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయమునకు చెందినది. ఈ వ్యాసమున ముఖ్యమైన అటవీ కళాశాలయు ఆ ములుగుననే యున్నందున, ఆ ఊరి పేరు మరల రాగలదు.

చదువు ఖరీదును గూర్చి మాటలాడువారు సాధారణముగా ఫీజునే లెక్కింతురు గాని, పసుపు ప్రాంతమున పంచాంగమును గూడ లెక్కింపవలెను. జూన్ మాసమున నాటిన పసుపును జనవరి మొదలు త్రవ్వుదురు. త్రవ్విన దుంపలను ఉడికించి, పది పదునైదు దినములు ఎండబోసి, తిరుగుడు డ్రమ్ములో వేసి మెరుగు పెట్టి, కొమ్ములైన కాడి వేరు, తల్లిదుంపలైన మండ వేరు చేసి నిజామాబాదు మార్కెట్ యార్డునకు తోలుదురు. ఇంటర్మీడియట్ ప్రయోగ పరీక్షలును, వ్రాత పరీక్షలును సరిగా ఆ ఫిబ్రవరి, మార్చి మాసములందే వచ్చును. ఉదయము కళ్లములో ఉడికిన పసుపును పరచి వచ్చిన పిల్లవాడు మధ్యాహ్నము జంతుశాస్త్ర ప్రయోగశాలలో స్లయిడు పట్టుకొన్నపుడు, గాజుపలకపై పచ్చని వ్రేలిముద్ర పడును. దానిని అంగీ అంచుతో తుడిచి మరల పెట్టును. ఆ యేటి ధనము ఇంటికి వచ్చునది ఒక్కమారే, అదియు వేసవిలోనే. అందులో అప్పులవాని వాటా పోగా మిగిలినదే పిల్లల చదువునకు. వేసవిలోనే ప్రవేశపరీక్ష జరిగి, కౌన్సెలింగులు వానకాలమున సాగును గనుక, మొదటి సంవత్సరము గడచిపోవును. రెండవ విడత ఫీజు అడుగు కాలమునకు చేను పచ్చగా నుండును గాని చేతిలో రూపాయి యుండదు. కౌలురైతునకును, కూలివానికిని ఆ ఒక్క వేసవి సొమ్మును నమ్మకము కాదు.

ఫారెస్ట్రీ పట్టమునకు తెలంగాణమున ముఖ్యస్థానము ములుగులోని అటవీ కళాశాల, పరిశోధన సంస్థ. తమిళనాడునందలి మెట్టుపాళయము అటవీ కళాశాలను మాదిరిగా గైకొని 2016లో దీనిని స్థాపించిరి. మొదట హైదరాబాదు శివారున దూలపల్లిలోని అటవీ అకాడమీయందు తరగతులు నడచినవి. 2019 డిసెంబరు 11న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ములుగు ప్రాంగణమును ప్రారంభించెను. ఈ ములుగు హైదరాబాదునుండి కరీంనగరు పోవు రాజీవ్ రహదారిపై, గజ్వేలు సమీపమున నున్నది. రామప్ప గుడియు, మేడారము జాతరయు నున్న ములుగు జిల్లా వేరు. రెండు ములుగుల నడుమ దూరము చిన్నదికాదు. దరఖాస్తు వ్రాయువాడు పేరు చూచి వరంగల్లు వైపు బస్సెక్కిన, దినమంతయు వృథా. ఇందు బి.ఎస్సీ. ఆనర్సు ఫారెస్ట్రీ నాలుగేండ్ల చదువు. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రము చదివినవారు, పూర్వము ఎంసెట్ అనబడి 2024నుండి ఈఏపీసెట్‌గా పేరు మారిన ప్రవేశపరీక్షలో ర్యాంకు పొంది చేరుదురు. వనవర్ధనము, వృక్షముల గుర్తింపు, కలప కొలత, నేలల శాస్త్రము, వన్యప్రాణి నిర్వహణ, పొలముగట్లపై చెట్లు పెంచు వ్యవసాయ అటవీశాస్త్రము ఇందలి ముఖ్య విషయములు. విద్యార్థులు ప్రాంగణమునందే వసింతురు. హాస్టలు దొరకుట ఆర్మూరు బిడ్డకు మేలే. కాని ఇంటి పనికి ఒక జత చేతులు తగ్గుట కూడ ఖర్చే యని ఆ బిడ్డ తల్లి యెరుగును.

బైపీసీ చదివిన పిల్లలలో ఫారెస్ట్రీని మొదటి కోరికగా వ్రాయువారు అరుదు. ముందు ఎంబీబీఎస్, అది రానిచో వ్యవసాయ బీఎస్సీ, అదియు రానిచో పశువైద్యము, తరువాత హార్టికల్చరు, అన్నిటికిని కడపట అడవి. ఈ వరుసను ఎవరు నిర్ణయించిరో గాని, కోచింగు సెంటర్ల గోడలపై నిది శాసనమువలె నిలిచినది. కడపట నుండుటచేతనే మధ్యశ్రేణి ర్యాంకు వచ్చిన పేదవిద్యార్థికి ఈ తలుపు తెరచుకొను అవకాశమెక్కువ యనుట కూడ నిజమే. పైగా ఫారెస్ట్రీ పట్టభద్రులకు రాష్ట్ర అటవీశాఖ ప్రత్యక్ష నియామకములలో ప్రత్యేకపు వాటా కల్పించుట ఆ చదువునకు అదనపు విలువ నిచ్చినది.

ఫీజు విషయము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వకాలమున మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు పద్ధతి తెలంగాణమునను కొనసాగుచున్నది. ట్యూషను ఫీజును కళాశాలకు, భోజన వసతుల నిమిత్తపు ఉపకార వేతనమును విద్యార్థికి ప్రభుత్వమే చెల్లించును. దరఖాస్తు ఈపాస్ అను ప్రభుత్వ ఆన్‌లైన్ పద్ధతి ద్వారా పెట్టుకొనవలెను. వెనుకబడిన తరగతుల కుటుంబమునకు వార్షికాదాయ పరిమితి గ్రామములందు 1,50,000 రూపాయలు, పట్టణములందు 2,00,000 రూపాయలు. ఆర్మూరు పట్టణము, దాని చుట్టునున్నవి పల్లెలు. కావున ఒకే చేలో ప్రక్కప్రక్కన కూలికి పోవు ఇద్దరి ఇండ్లకు రెండు పరిమితులు వర్తించును. ఆదాయ ధ్రువపత్రము, కుల ధ్రువపత్రము, ఆధార్, బోనఫైడు, బ్యాంకు పాసుపుస్తకము – వీనిలో ఒక్కదానియందు తండ్రి పేరులో అక్షరము తేడా వచ్చినను దరఖాస్తు నిలిచిపోవును. 'గంగారెడ్డి' ఒకచోట ఒక మాటగాను, మరొకచోట రెండు మాటలుగాను పడుటవలన మీసేవ కేంద్రమునకు మూడు నాలుగు తిరుగుళ్లు, ప్రతి తిరుగుడునకును ఒక దినపు కూలి. ప్రభుత్వమునుండి బకాయిలు పేరుకొన్నపుడు, ఫీజు చెల్లింపక సర్టిఫికెట్లు ఈయబోమని ప్రైవేటు కళాశాలలు కొన్ని పట్టుబట్టుట కలదు. ఉచితమని చెప్పిన చదువు నాలుగవయేట అప్పుగా మారునది ఇచ్చటనే. ఈ కారణముచేతనే, ప్రవేశము దొరకిన యెడల, ప్రభుత్వ కళాశాల సీటు ప్రైవేటు సీటుకంటె పేదవానికి ఎక్కువ క్షేమకరమని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

రాష్ట్రము వెలుపల చదువదలచినవారికి భారత వ్యవసాయ పరిశోధన మండలి అఖిల భారత కోటా కలదు. ఆ కోటాలో స్వరాష్ట్రము గాక వేరొక రాష్ట్రమున చేరినవారికి నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ లభించును. స్నాతకోత్తర విద్యకు దేహ్రాదూన్ ప్రసిద్ధము: 1906లో స్థాపితమైన అటవీ పరిశోధన సంస్థ 1991లో డీమ్డ్ విశ్వవిద్యాలయమై ఎమ్మెస్సీ ఫారెస్ట్రీ చెప్పుచున్నది, 1982లో వెలసిన భారత వన్యప్రాణి సంస్థ వన్యప్రాణి శాస్త్రమున ఎమ్మెస్సీ నడుపుచున్నది. వీనిలో సీట్లు కొద్ది, ఎంపిక కఠినము. హైదరాబాదునందే కణ, అణుజీవశాస్త్ర కేంద్రమైన సీసీఎంబీకి చెందిన లాకోన్స్, అనగా అంతరించు జాతుల సంరక్షణ ప్రయోగశాల, పరిశోధక విద్యార్థులకు ఆశ్రయము. పరిశోధన దశకు చేరినచో లెక్క తారుమారగును: సీఎస్ఐఆర్–యూజీసీ నెట్ పరీక్షలో జూనియర్ రిసెర్చి ఫెలోషిప్ సాధించినవారికి 2023నుండి నెలకు 37,000 రూపాయలు, తరువాత సీనియరైనపుడు 42,000 రూపాయలు ముట్టును. బి.ఎస్సీ.కి అప్పుచేసిన ఇల్లు పిహెచ్.డి.తో ఆదాయము చూచుట విచిత్రమైనను యథార్థము. ఆ మెట్టు దాక నిలువగలుగుటయే కష్టము.

పట్టము లేనిదే జ్ఞానము లేదనుకొనుట పొరపాటనుటకు హైదరాబాదు చరిత్రయందే సాక్ష్యము కలదు. 1931–32లో నిజాము ప్రభుత్వపు సాహాయ్యముతో ఈ రాజ్యమునందలి పక్షులను సర్వే చేసిన సలీం అలీ, అంతకుపూర్వము విశ్వవిద్యాలయ పట్టము లేదను కారణమున భారత జంతుశాస్త్ర సర్వేలో పక్షిశాస్త్రజ్ఞుని ఉద్యోగమునకు నోచుకొనలేదు. అయితే సలీం అలీ కాలము వేరు. నేడు పట్టము లేనివాడు దరఖాస్తు ఫారము తొలి పుటను దాటలేడు.

అన్నిటికంటె చౌకయైన త్రోవ మాత్రము ప్రకటనలలో కనబడదు. అది స్థానిక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో దోస్త్ అను ఆన్‌లైన్ ప్రవేశ పద్ధతి ద్వారా చేరి, వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము ఐచ్ఛికములుగా సాధారణ బీఎస్సీ చదువుట. సిద్ధులగుట్ట ప్రక్కదారులు, శ్రీరామసాగరపు వెనుకజలముల ఒడ్డున శీతకాలమున దిగు పక్షులు, గోదావరి తీరపు పచ్చికబయళ్లలోని కృష్ణజింకలు ఆ చదువునకు ప్రయోగశాలలే. వానికి ప్రవేశరుసుము లేదు. టి. పుల్లయ్య, బి. రవిప్రసాదరావు 1995లో నిజామాబాదు వృక్షజాతులపై గ్రంథము వెలువరించిరి గనుక, చేతనున్న ఆకు పేరు తేల్చుకొనుటకు ఆధారమును కలదు. ఈ సాధారణ బీఎస్సీతోనే భారత అటవీ సర్వీసు పరీక్ష వ్రాయవచ్చును: వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, రసాయన, భౌతిక, గణిత, భూగర్భ, గణాంక శాస్త్రములలో ఒకటి గాని, పశువైద్యము గాని పట్టమునందున్న చాలును, వ్యవసాయ, ఫారెస్ట్రీ, ఇంజనీరింగు పట్టభద్రులును అర్హులే. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి పరీక్షరుసుము లేదు. డిగ్రీ దాక ఆగలేని ఇంటివాడు ఇంటర్మీడియట్‌తోనే బీట్ ఆఫీసరు ఉద్యోగమునకు పోటీపడవచ్చును. 2017 ప్రకటనలో 1,857 ఖాళీలు చూపిరి. ఆ కొలువులో చేరి, 1982లో దేశమునందలి మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయముగా వెలసి నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నున్న విశ్వవిద్యాలయమున పట్టము పూర్తిచేసుకొనుట ఒక త్రోవ.

ఈ పరీక్షలన్నిటిలో పేదబిడ్డకు ఖర్చులేని పేపరొకటి కలదు, అది నడక. బీట్ ఆఫీసరు అభ్యర్థులలో పురుషులు నాలుగు గంటలలో 25 కిలోమీటర్లు, స్త్రీలు అంతే సమయమున 16 కిలోమీటర్లు నడువవలెను. భారత అటవీ సర్వీసుకు పురుషులకు 25, స్త్రీలకు 14. ఆర్మూరు బస్టాండునుండి నిజామాబాదు పసుపు యార్డునకు దూరము ఇంచుమించు ఆ 25 కిలోమీటర్లే, కొంచెమెక్కువ. ఫలితములకై ఎదురుచూచు యువకులు కొందరు వేకువ నాలుగు గంటలకే ఆ రోడ్డుపై, పసుపు లారీల దీపముల వెలుతురున, బూట్లు అరిగిపోవునని వానిని చేతబట్టుకొని, చెప్పులతో సాధన చేయుదురు.