బొమ్మ కింద చీటీ

మార్చి వస్తే మ్యూజియంలకు ఆడవాళ్ళు గుర్తొస్తారు. కొన్నేళ్ళ కిందట అలాంటి ఒక మార్చిలో ఒక మ్యూజియం వాళ్ళు నన్ను ఉపన్యాసానికి పిలిచారు. నెల పొడుగునా కార్యక్రమాలు పెట్టుకున్నారు. స్త్రీల చిత్రాలతో ఒక ప్రదర్శన, ఆదివారాలు గ్యాలరీలన్నీ తిప్పి వివరించడం, శనివారాలు ప్రసంగాలు. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని, బొమ్మల గురించి నేనేం చెప్పగలనని సంకోచించాను. "కావ్యాల్లో స్త్రీ గురించి చెప్పండి, చాలు" అన్నారు. ఒప్పుకున్నాను.

ఆ రోజు గంట ముందే వెళ్ళి గ్యాలరీలు చూస్తుంటే, ఒక మూల అద్దాల పెట్టెలో సీత కనిపించింది. తోలుబొమ్మ సీత. నా భుజాల ఎత్తుంది. చీర అంచు పొడుగునా సన్నటి రంధ్రాలు. వెనక దీపం పెడితే అవి ముత్యాల్లా మెరవాలి. కానీ వెనక తెల్లటి గోడే ఉంది. బొమ్మ కింద చీటీ మీద "సీత. తోలుబొమ్మ. మేకతోలు, రంగులు. అనంతపురం జిల్లా" అని రాసి ఉంది. అంతే.

మాది ఆ జిల్లాయే. ఓబులదేవరచెరువు. 2022 ఏప్రిల్ నుంచి మేం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాం గానీ, మా అవ్వ నోట ఇప్పటికీ అనంతపురమే. వానలు మొహం చాటేసిన ఏడు, శెనగ చేలు ఎండిపోతుంటే, ఊళ్ళో బొమ్మలాట ఆడించేవాళ్ళని అవ్వ చెప్పేది. విరాటపర్వం ఆడితే వాన పడుతుందని నమ్మకం. తెర వెనక నుంచి ద్రౌపది ఏడుస్తుంటే తెర ముందు ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకునేవాళ్ళట. "ఆ ఏడిసేది కూడా ఆడమనిసే, మొగోళ్ళు కాదు" అని అవ్వ గట్టిగా చెప్పేది. నిజమే. తోలుబొమ్మలాట కుటుంబమంతా కలిసి ఆడే ఆట. సీతకూ, ద్రౌపదికీ, నవ్వించే బంగారక్కకూ గొంతు ఇచ్చింది ఆ ఇళ్ళ ఆడవాళ్ళే. స్త్రీ పాత్రల్ని కూడా మగవాళ్ళే కట్టిన నాటక రంగం పక్కన, ఈ తెర వెనక ఆడగొంతు ఎన్ని తరాలుగా పలుకుతోందో ఆలోచించండి.

అక్కడి ఉద్యోగిని ఒకామెను అడిగితే, విసుక్కోకుండా రిజిస్టరు తెచ్చి చూపించింది. బొమ్మను కొన్న సంవత్సరం ఉంది. ఇచ్చిన ధర ఉంది. అమ్మిన మధ్యవర్తి పేరుంది. చేసినవారి పేరుకు కూడా ఒక గడి ఉంది. ఆ గడిలో చిన్న గీత.

ఆ గీతను చూశాక, నేను రాసుకుపోయిన ప్రసంగం చదవబుద్ధి కాలేదు.

స్త్రీల చరిత్రకు ఒక నెల అన్న ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చింది? 1978లో కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీలో మార్చి 8 కలిసొచ్చేలా ఒక వారాన్ని స్త్రీల చరిత్రకు కేటాయించారు. 1980లో అధ్యక్షుడు కార్టర్ దాన్ని దేశమంతటికీ ప్రకటించాడు. 1987లో అమెరికన్ కాంగ్రెస్ ఆ వారాన్ని నెల చేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో నేషనల్ మ్యూజియం ఆఫ్ విమెన్ ఇన్ ది ఆర్ట్స్ తలుపులు తెరిచింది. అది ఒకప్పుడు ఆడవాళ్ళకు ప్రవేశం లేని ఫ్రీమేసన్ల భవనం! దాని వ్యవస్థాపకురాలు విల్‌హెల్మినా హాలడే, యూరప్‌లో పదిహేడో శతాబ్దపు చిత్రకారిణి క్లారా పీటర్స్ చిత్రాలు చూసి ముగ్ధురాలైంది. ఇంటికొచ్చి కళాచరిత్ర గ్రంథాలు తిరగేస్తే ఆమె పేరు కనబడలేదు. కాలేజీల్లో అందరూ చదివే జాన్సన్ పాఠ్యగ్రంథం 1962 మొదటి ముద్రణలో ఒక్క స్త్రీ కళాకారిణి కూడా లేదు. గొప్ప స్త్రీ కళాకారులు ఎందుకు లేరు అని లిండా నోక్లిన్ 1971లో ప్రశ్న వేసి, లోపం స్త్రీల ప్రతిభలో లేదనీ, వాళ్ళను శిక్షణకూ సంస్థలకూ దూరంగా ఉంచిన వ్యవస్థలో ఉందనీ వాదించింది.

ఆ వాషింగ్టన్ మ్యూజియమే 2016 మార్చిలో అందరినీ ఒక ప్రశ్న అడిగింది. ఐదుగురు స్త్రీ కళాకారుల పేర్లు చెప్పగలరా? నేను తెలుగులో ప్రయత్నించాను. అంజనీరెడ్డి, కవితా దేవుస్కర్ అన్నాక ఆగిపోయాను. తర్వాత రాజమండ్రి గుర్తొచ్చింది. అక్కడ దామెర్ల రామారావు పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఆయన భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ వేసిన చిత్రాలు కూడా ఉన్నాయి. ఇద్దరూ చిత్రకారిణులే. కానీ నాకు వాళ్ళు గుర్తొచ్చింది రామారావు భార్యగా, రామారావు సోదరిగా! నా జ్ఞాపకంలోనూ ఒక రిజిస్టరు ఉంది, అందులోనూ గీతలున్నాయి.

హైదరాబాదులో చదువుకునే రోజుల్లో సాలార్‌జంగ్ మ్యూజియానికి ఎన్నోసార్లు వెళ్ళాను. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మొదలై, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారిన మ్యూజియం అది. అక్కడ ఎప్పుడు చూసినా జనం గుమిగూడేది 'ముసుగు రెబెక్కా' దగ్గర. బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. రాతిని మేలిముసుగంత పల్చగా చేసిన శిల్పి నైపుణ్యానికి అందరం నోరెళ్ళబెడతాం. చెక్కినవాడి పేరు తెలుసు, కొన్నవాడి పేరు తెలుసు, ఏ ఏట కొన్నాడో తెలుసు. కొన్ని గ్యాలరీల అవతల నూర్జహాన్ పండ్లు కోసుకున్న కత్తి ఉంటుంది. అంటే మ్యూజియంలో ఆడదాని పేరు పడాలంటే ఆమె మహారాణి అయినా కావాలి, బైబిలు కథలో పెళ్ళికూతురైనా కావాలి. మ్యూజియంలకు పేర్లు రాయడం చేతకాదని కాదు. ఎవరి పేరు రాయాలన్నది అవి ముందే నిర్ణయించుకుని ఉంటాయి.

సాహిత్యంలో ఈ పని మనవాళ్ళు ఎప్పుడో మొదలుపెట్టారు. భండారు అచ్చమాంబ 1901లోనే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చింది. బెంగుళూరు నాగరత్నమ్మ, ముద్దుపళని 'రాధికా సాంత్వనం'లో అంతకుముందు అచ్చయిన ప్రతిలో లేని భాగాల్ని చేర్చి 1910లో ప్రచురించింది. మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947లో గానీ తొలగలేదు. అక్షరం రాసిన స్త్రీని వెనక్కి తెచ్చుకోవడానికే ఇంత కాలం పట్టింది. తోలు గీకిన స్త్రీ, రంగు పూసిన స్త్రీ సంగతేమిటి?

ఆ రోజు కావ్యాలు పక్కన పెట్టి ఈ మాటలే మాట్లాడాను. కొందరు చప్పట్లు కొట్టారు. తర్వాత, చీటీ మార్చమని మ్యూజియానికి ఉత్తరం రాద్దామనుకున్నాను. ఏమని రాయాలి? ఆ సంగతి తేల్చుకోడానికి ఊరికి వచ్చాను.

ముందు గోరంట్ల మీదుగా హిందూపురం వెళ్ళి, అక్కణ్ణుంచి లేపాక్షి చేరాను. వీరభద్రాలయం మంటపం కప్పు చూడాలంటే మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తాల్సిందే. పార్వతీ కళ్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ కేంద్రంగా అధికారం నెరపిన విరూపణ్ణ, తమ్ముడు వీరణ్ణ కట్టించిన గుడి. అన్నదమ్ములిద్దరూ ఆ కప్పు మీద పరివారంతో సహా ఉన్నారు. వరసగా నిలబడ్డ ఆడవాళ్ళ చీరల అంచులు, కొప్పులు ఎంత శ్రద్ధగా వేశారో! 2022లో ఈ గుడి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. ఆ చీరల్ని ఎవరు నేశారు, ఆ నూలు ఎవరు వడికారు అన్న ప్రశ్న మాత్రం గైడు చెప్పే కథలో రాదు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూపించడంతో కథ ముగుస్తుంది.

తర్వాత ధర్మవరం మండలం నిమ్మలకుంటకు వెళ్ళాను. తరాల కిందట మరాఠీ ప్రాంతం నుంచి వచ్చి, ఇంట్లో ఆ మాటే మాట్లాడుకుంటూ, తెర మీద తెలుగు రామాయణం ఆడించిన కుటుంబాలు అక్కడున్నాయి. ఇప్పుడు ఆటలు తక్కువ. దీపాల బుట్టలు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్ముతారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒక జీవితకాలపు కళకు దక్కిన న్యాయమైన గౌరవం అది.

ఒక ఇంటి వసారాలో రంగులు వేస్తున్న ఆమెకు ఫోనులో సీత బొమ్మ చూపించి, చీటీ సంగతి చెప్పాను. ఆమె నవ్వింది. "తోలు నానబెట్టి గీకేది మా అత్త. గీత గీసేది మామ. రంధ్రాలు కొట్టేది నా మొగుడు. రంగులు నేను. ఆటలో సీతకు పాడేది మా అత్తే. ఎవురి పేరు రాస్తావక్కా?"

నా దగ్గర జవాబు లేదు. నేను వెతుకుతున్నది ఒక పేరు. అక్కడున్నది ఒక ఇల్లు. గడిలో గీత ఉండటం అన్యాయమే. కానీ ఆ గడి ఒక్క పేరు పట్టేంత వెడల్పే ఉండటం కూడా అన్యాయమే. బిరుదులకూ, పాఠ్యపుస్తకాలకూ, చీటీలకూ ఒక్కరే కావాలి. ఆ ఒక్కరు ఎవరంటే, బయటికి వెళ్ళి మాట్లాడే మనిషి. చాలా ఇళ్ళలో ఆ మనిషి మగవాడు. స్త్రీల చరిత్ర పేరిట మనం చేసే పని ఆ ఒక్క పేరు తీసేసి మరో ఒక్క పేరు పెట్టడమేనా?

చివరికి మ్యూజియానికి ఉత్తరం రాశాను. చీటీలో ఒక్క పేరు కాకుండా పనులన్నీ రాయమన్నాను. గీకినవారు, గీసినవారు, చిల్లులు వేసినవారు, రంగులు పూసినవారు, పాడినవారు. పేర్లు దొరికినచోట పేర్లు, దొరకనిచోట కనీసం పని. మరోసారి అటు వెళ్ళినప్పుడు చూస్తే చీటీ అలాగే ఉంది. రిజిస్టరు చూపించిన ఉద్యోగిని మాత్రం ఆదివారం వచ్చేవాళ్ళకు ఆ బొమ్మ దగ్గర ఆగి ఈ పనులన్నీ వివరిస్తోందని చెప్పింది. అది ఆమె సొంత పూనిక. నెల ముగిశాక కూడా మానలేదట.

ఈ వ్యాసం రాస్తూ అవ్వకు కొంత చదివి వినిపించాను. అవ్వ పుట్టిల్లు ధర్మవరం. పెళ్ళికి ముందు పట్టుచీరలు నేసే ఇంట్లో ఏళ్ళ తరబడి కండెలు చుట్టింది. వేళ్ళ మీద ఆ దారం కోసిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి. "చీర బాగుందంటే నేసినోన్ని మెచ్చుకుంటారు. కండె సుట్టినోళ్ళను ఎవురడుగుతారు?" అంది. నీ పేరు ఇందులో రాస్తానన్నాను. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు.

"మా వీధిలో ఇరవైమంది సుట్టినాం పాపా. రాస్తే అందరివీ రాయి. నాదొక్కటే అయితే వద్దు" అంది.

ఆ ఇరవైమందిలో తొమ్మిది పేర్లు అవ్వకు గుర్తున్నాయి. నోటుబుక్కులో రాసుకున్నాను. మిగిలిన పేర్ల కోసం వచ్చే వారం అవ్వను తీసుకుని ధర్మవరం వెళ్తున్నాను.