చక్రాల కుర్చీలో కుర్చీ కథ

చక్రాల కుర్చీ చరిత్ర రాసినవాళ్లలో ఎక్కువమంది చక్రాల వెంటే వెళ్లారు, కుర్చీని పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకుంటే మొదట కనిపించేది ఒక వింత. 1595 నాటికి స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ గౌట్ జబ్బుతో నడవలేని స్థితికి వచ్చాడు. ఆయన వాడిన కుర్చీ బొమ్మను ఆస్థానంలోని జెహాన్ లెర్మిత్ గీసి ఉంచాడు. వీపు పలకను వెనక్కి వాల్చుకోవచ్చు, కాళ్ల పలకను ఎత్తుకోవచ్చు, దించుకోవచ్చు, ఒళ్లు ఒరుసుకోకుండా మెత్తలున్నాయి. చక్రాలు మాత్రం చిన్నవి. తోయడానికి నౌకర్లు ఉండగా రాజుకు వాటితో ఏం పని? అరవై ఏళ్లకు, 1655లో, జర్మనీలోని న్యూరెంబర్గ్ దగ్గర స్టీఫన్ ఫార్‌ఫ్లర్ అనే నడవలేని గడియారాల పనివాడు చేత్తో తిప్పే మరను బండికి బిగించి, తన బండి తానే నడుపుకున్నాడు. నడకా నౌకర్లూ లేనివాడికి కదలడమే మొదటి అవసరం మరి. ఆ తర్వాత మూడు వందల ఏళ్లు తెలివంతా కదలిక మీదే ఖర్చయింది. రాజుకు దొరికిన కూర్చునే సుఖం మామూలు మనిషి దాకా రాలేదు.

ఆ దారిలో పెద్ద మలుపు 1930ల అమెరికాలో వచ్చింది. గని ప్రమాదంలో వెన్ను విరిగిన ఇంజనీరు హెర్బర్ట్ ఎవరెస్ట్, అతని మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్ కలిసి ఉక్కు గొట్టాలతో మడిచే కుర్చీ చేశారు. 1937లో పేటెంటు వచ్చింది. సీటు కింద ఇంటూ గుర్తులా బిగించిన రెండు గొట్టాలే దాని ప్రాణం. మడిస్తే కారులో ఇమిడిపోతుంది. గడప దాటలేనివాళ్లకు ఊరు దొరికింది, ఆ మేలును తక్కువ చెయ్యడం అన్యాయం. కాని మడవాలంటే సీటు గట్టిగా ఉండకూడదు గనక రెండు గొట్టాల మధ్య గుడ్డ కట్టారు. మన ఆస్పత్రుల వరండాల్లో కనిపించేది నేటికీ ఆ నమూనాయే. వార్డు నుంచి ఎక్స్‌రే గదికి వెళ్లడానికి అది చాలు. రోజుకు పది పన్నెండు గంటలు, ఏళ్ల తరబడి అందులోనే గడిపేవాళ్ల సంగతి వేరు. గుడ్డ మధ్యలో కుంగితే తొడలు లోపలికి ముడుచుకుంటాయి, కటి ఓ పక్కకు ఒరుగుతుంది. తల నిలవాలంటే వెన్ను ఎదురుపక్కకు వంగక తప్పదు. వీపు వెనకా గుడ్డే కాబట్టి నడుం జారి బరువు తోకెముక మీద పడుతుంది, గూని వస్తుంది, ఛాతీ నొక్కుకుపోయి ఊపిరి పీల్చడమూ మింగడమూ కష్టమవుతాయి. మొదట్లో చేత్తో సరిచేయగలిగిన వంకర కొన్నేళ్లకు బిగుసుకుపోతుంది. కుర్చీ మడతపడేందుకు ఎందరివో వెన్నులు మడతపడ్డాయన్నది నా వాదన.

ఈ సంగతి అప్పుడే ఎందుకు తెలియలేదంటే, బతికితే కదా తెలిసేది! వెన్నుపాము తెగినవాళ్లు ఆ రోజుల్లో పుండ్లతోనో, మూత్రపిండాలు పాడయ్యో త్వరగానే పోయేవారు. 1944 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో వెన్నుపాము గాయాల విభాగం బాధ్యతను డాక్టర్ లుడ్విగ్ గుట్మన్ తీసుకుని, రాత్రింబగళ్లు రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పాలని నియమం పెట్టాడు. వాళ్లు దశాబ్దాలు బతకసాగారు, అంటే దశాబ్దాలు కూర్చోసాగారు. ముప్పు వెన్నుకే కాదు, ఒంటికీ ఉంది: తక్కువ ఒత్తిడైనా ఎక్కువసేపు ఉంటే కండను చంపుతుందని 1959లో మైఖేల్ కోసియాక్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఒళ్లు తెలిసినవాడు తనకు తెలియకుండానే అటూ ఇటూ సర్దుకుంటాడు. స్పర్శ లేనివాడికి ఆ హెచ్చరిక అందదు. కుష్ఠు రోగుల పాదాల పుండ్లకు మూలం నొప్పి తెలియకపోవడమేనని వెల్లూరులో శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ చూపింది కూడా ఇదే.

ఇక మెత్తల కాలం మొదలైంది. 1966లో నాసా పని మీద చార్లెస్ యోస్ట్ చేసిన నురుగు మెత్త, 1973లో ఎలక్ట్రికల్ ఇంజనీరు రాబర్ట్ గ్రేబ్ మొదలుపెట్టిన రోహో గాలి మెత్త ఇందులో పేరున్నవి. రోహోలోని గాలి అరలన్నీ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి, ఎముక దిగినచోటి గాలి పక్క అరల్లోకి పోయి బరువు పంచుకుంటుంది. ఒత్తిడి 32 మిల్లీమీటర్ల పాదరసం దాటకూడదన్న అంకె కూడా ఈ రంగంలో మంత్రంలా చెలామణి అయింది. 1930లో యూజీన్ లాండిస్ దాన్ని కొలిచింది వేలిగోళ్ల మొదట్లోని సన్నటి రక్తనాళాల్లో, పిరుదుల కింద కాదు. మెత్తను అంకె చూసి కొనకూడదు, దాని మీద కూర్చున్నాక చర్మం ఎలా ఉందో చూసి కొనాలి.

మంచి మెత్త ఉంటే చాలదా అని అడుగుతారు. కుంగిన గుడ్డ మీద ఎంత ఖరీదైన మెత్త వేసినా దానితోపాటే కుంగుతుంది. అడుగున గట్టి పలక, కటిని నిలిపే ఆకారం, అవసరమైతే పక్కల ఆసరా ఉండాలి. 1970ల్లో మెంఫిస్‌లో డగ్లస్ హాబ్సన్, ఎలెయిన్ ట్రెఫ్లర్ వంటివారు సెరిబ్రల్ పాల్సీ పిల్లల కోసం పనిచేస్తూ స్థిరపరచిన పద్ధతి ఇదే. దీనికంటే బరువైన ఆక్షేపణ ఇంకొకటుంది. బెల్టులూ పట్టీలూ పెట్టి మనిషిని ‘సరైన’ భంగిమలో బంధించడం వైద్యుల పెత్తనం కాదా? కొన్నిచోట్ల అవును. నిటారుగా కూర్చోబెట్టి, చెయ్యి చాచి గ్లాసు అందుకోలేకుండా చేసే ఆసరా ఆసరా కాదు. ఫొటోలో ఎలా కనిపిస్తున్నాడన్నది కొలమానం కాకూడదు, ఆ మనిషి ఏం చేసుకోగలుగుతున్నాడన్నది కావాలి. బెల్టు విప్పడం కూడా వీలైనంతవరకు అతని చేతిలోనే ఉండాలి.

ఖర్చు మాటేమిటంటారా? 1991లో మోటివేషన్ అనే బ్రిటిష్ సంస్థ పని మొదలైంది బంగ్లాదేశ్‌లోని సావర్‌లో, అక్కడే తయారు చేసుకోగల కుర్చీలతో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 మార్గదర్శకాలు వనరులు తక్కువున్న దేశాల కోసమే రాసినవి. తగిన కుర్చీ ఒంటి కొలతకు సరిపోయి భంగిమకు ఆసరా ఇవ్వాలన్నది వాటి నిర్వచనంలో భాగం. పుండు పడ్డాక ఆస్పత్రిలో గడిపే నెలల ఖర్చు ముందు గట్టి పలక, కొలత టేపు ఖరీదెంత? మన దగ్గర 1981 నుంచి వికలాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన అడిప్ పథకం కింద ఉపకరణాలు పంచుతున్నారు. పంపిణీ జరిగిన మర్నాటి పత్రికల్లో వచ్చేది మాత్రం ఎన్ని కుర్చీలిచ్చారన్న లెక్కే. కుర్చీ దానం చేయదలచిన సంఘాలకు ఒక విన్నపం: తుంటి వెడల్పు, తొడ పొడవు, మోకాలి నుంచి మడమ దాకా కొలత రాసుకోండి, మెత్తను అదే బిల్లులో వేయించండి, నెల తర్వాత ఒకసారి వెళ్లి ఎలా కూర్చుంటున్నారో, చర్మం ఎర్రబడిందేమో చూసి రండి.