అచ్చుగాజు గిన్నె

సంస్కృతంలో 'కాచ'మంటే గాజు. తెలుగులో గాజన్న ఒక్క మాటే ఆ పదార్థానికీ, స్త్రీల చేతి ఆభరణానికీ చెల్లింది. మణితో పోల్చి గాజును చిన్నబుచ్చడం నీతికవులకు పరిపాటి. తిరుపతిలో తెలుగు పండితుడిగా ఆ పోలికను ముప్పది యేండ్లు నేనూ బోధించాను. ఆ చిన్నచూపు వల్ల మా ఇంట ఒక నష్టం జరిగింది.

చిత్తూరులో మా అవ్వకు ఆకుపచ్చ గాజుగిన్నె ఒకటి ఉండేది. పేరంటాలకు అందులోనే చందనం కలిపేది. దాని ప్రక్కన పైనుండి క్రిందికి సన్నని గీత. అది పగులని తలచి, అవ్వ పోయిన తరువాత పాతసామాన్లవానికి ఇచ్చివేసి స్టీలు గిన్నె తీసుకొన్నాను.

నిరుడు మా అమ్మాయి అమెరికా నుండి పాత గాజుగిన్నె ఒకటి తెచ్చింది. దానికీ అదే గీత! అచ్చు పలకలు కలిసిన చోట గాజుపై నిలిచే గుర్తట అది.

కరిగిన గాజును ఇనుప అచ్చులో వేసి దిమ్మతో ఒత్తే యంత్రపద్ధతి 1820లలో అమెరికాలో రూపుదిద్దుకొన్నది. మసాచుసెట్స్‌లోని శాండ్‌విచ్‌లో 1825లో డెమింగ్ జార్విస్ స్థాపించిన కర్మాగారం ఇందుకు పేరొందింది. సానచక్రంపై ఎంతో శ్రమించి చెక్కవలసిన నగిషీని అచ్చు ఒక్క ఒత్తుతో దించేది. 1864లో వీలింగ్ పట్టణంలో విలియం లైటన్ సీసం లేని సోడా-సున్నపు గాజును మెరుగుపరచడంతో ధర మరింత తగ్గి, పేదయింటి బల్లపైకీ నగిషీ పాత్ర వచ్చింది. 1930ల ఆర్థికమాంద్యంలో ఓట్స్ డబ్బాలలో గాజుపాత్రలను ఉచితంగా పెట్టేవారు. మన టీపొడితో గ్లాసు ఇచ్చినట్లే. నాడు ఊరకే వచ్చినవాటిని నేడు అక్కడివారు వెదకి కొని ఇంట అమర్చుకొంటున్నారు.

మన హైదరాబాదులో మూడవ సాలార్‌జంగ్ వెనిస్, బొహీమియా గాజును సేకరించారు. ఆయన 1949లో సంతానం లేకుండా మరణించారు. ఆ సంపద చెదరిపోకుండా 1951 డిసెంబరు 16న ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే ప్రదర్శనశాలగా వెలసింది. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం పొంది, 1968లో మూసీ ఒడ్డున కొత్త భవనానికి చేరింది. విద్యార్థులతో వెళ్ళి ఆ గాజును చూచి అబ్బురపడినవాడనే నేను. నవాబు సొత్తును కాపాడడానికి ఒక చట్టమున్నది. అవ్వ గిన్నెకు నేనొక్కడినే దిక్కు, నేనే వదులుకొన్నాను.

ఈసారి వరలక్ష్మీవ్రతానికి మా ఇంట చందనం అమెరికా గిన్నెలో కలిపారు. మీ అటకపైనా అటువంటి గిన్నె ఉంటే, పారవేసే ముందు ఆ గీతను ఒక్కసారి వ్రేలితో తడిమి చూడండి.