మహ్‌ఫూజ్ : మన పట్టణం ఒకప్పుడు ధరించిన పేరు



పోయిన నెల జుమా నమాజు ముగిసిన తరువాత ఒక వృద్ధురాలు మనుమణ్ణి భుజాన వేసుకొని మసీదు గుమ్మం బయట మా కొరకు నిలిచి ఉన్నది. పిల్లవానికి ఇంకా ఏడాది నిండలేదు. పుట్టింది మొదలు ఒకటే దగ్గు, జ్వరం. విజయనగరంలో చూపించారు, విశాఖపట్నమూ తీసుకుపోయారు. "ఇమామ్‌సాబ్, వీడి పేరు వీడికి భారీగా ఉన్నదని అందరూ అంటున్నారు. తేలికైన పేరు ఒకటి చెప్పండి, మార్చేస్తాం" అని ఆమె అడిగింది. ఆ బాలుని పేరు మహ్‌ఫూజ్.

ఆనాడు ఆమెకు నిలబడి చెప్పిన సమాధానం క్లుప్తమైనది. కానీ ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. శ్రీకాకుళం మొదలు బొబ్బిలి వరకు మన ఇళ్లలో పిల్లవాడు నలతగా ఉంటే ముందుగా అనుమానం పోయేది పేరు మీదికే. పైగా ఈ పేరుకు మన పట్టణంతో ఉన్న సంబంధం ఇప్పుడు ఎవరికీ జ్ఞాపకం లేదు. అందుచేత ఈ వారం దానిని గురించే వ్రాస్తున్నాము.

మొదట అర్థం. అరబీ భాషలో హా, ఫా, జా అనే మూడక్షరాల ధాతువు నుండి హిఫ్జ్ పుట్టింది. కాపాడటం, భద్రపరచటం, కంఠస్థం చేయటం అన్నీ అందులో ఉన్నాయి. కాపాడేవాడు హాఫిజ్. ఖుర్ఆన్‌ను గుండెలో భద్రపరచినవానినీ హాఫిజ్ అంటున్నాము. ఇంటి నుండి బయలుదేరేవానికి అల్లాహ్ హాఫిజ్ అని చెబుతున్నాము. మన హిఫాజత్ కూడా అక్కడిదే. కాపాడబడినవాడు మహ్‌ఫూజ్. మహమూద్, మన్సూర్, మసూద్, మహబూబ్ ఏ అచ్చులో పోసిన మాటలో ఇదీ అదే అచ్చులోది. కర్త పేరు కాదు, కర్మ పేరు. అంటే ఈ పేరు గల మనిషి తానేదో చేసినట్లు చెప్పుకోవటం లేదు. తనను మరొకరు కాపాడుతున్నారని ఒప్పుకుంటున్నాడు. ఇది మాకు ఎంతో నచ్చిన సంగతి.

దివ్య ఖుర్ఆన్‌లో ఈ పదం రెండు చోట్ల వచ్చింది. సూరా అంబియా 32వ ఆయతులో ఆకాశాన్ని కాపాడబడిన కప్పు అన్నారు. సూరా బురూజ్ చివరి ఆయతులో ఖుర్ఆన్ భద్రపరచబడిన ఫలకంలో ఉన్నదని తెలిపారు. లౌహె మహ్‌ఫూజ్ అని మన పెద్దలు అనేది దానినే. ఒకచోట తలపైని ఆకాశం, ఒకచోట దైవగ్రంథం. మనుషులలో ఫలానావాడు మహ్‌ఫూజ్ అని ఎక్కడా రాలేదు. మన తల్లులు పిల్లల తల నిమిరి "అల్లాహ్ మహ్‌ఫూజ్ రఖే" అంటారు కదా, పేరు కూడా అటువంటి దుఆయే. దుఆ అంటే అర్జీ. అర్జీ పెట్టుకున్నాము గనుక పని జరిగిపోయినట్లేనని భావించరాదు. పని జరగటం ఆలస్యమైతే అర్జీని చించివేయటమూ తగదు.

ఇక్కడ చదువుకున్నవారు ఒక ఆక్షేపణ తేగలరు, అది న్యాయమైనదే. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పేర్లు మార్చిన సందర్భాలు ఉన్నాయి గదా? ఉన్నాయి. ఆసియా, అనగా అవిధేయురాలు అనే అర్థం గల పేరున్న స్త్రీకి జమీలా అని పేరు పెట్టారు. సయీద్ బిన్ ముసయ్యిబ్ గారి తాతగారి పేరు హజ్న్, అంటే కటువైన నేల. సహ్ల్, అంటే సులువు అని మార్చుకొమ్మని ప్రవక్త సూచించినా, తండ్రి పెట్టిన పేరు వదలనని ఆయన అన్నారు. ఆ కటుత్వం తమ వంశంలో నిలిచిపోయిందని మనుమడు తరువాత చెప్పుకున్నట్లు బుఖారీలో ఉన్నది. అయితే గమనించండి, ఆ పేర్లలో దోషం అర్థంలోనే ఉన్నది. పిల్లవానికి జ్వరం వచ్చిందని మంచి అర్థం గల పేరును మార్చమన్న హదీసు మాకు కనబడలేదు. శకునాలు లేవన్న ప్రవక్త మాట మాత్రం ప్రసిద్ధం. పేరు బరువెక్కిందనటం శకునం కాక మరేమిటి?

ఇంకొక సూక్ష్మం కూడా ఉన్నది. యసార్, రబాహ్, నజీహ్, అఫ్లహ్ అనే పేర్లు పెట్టవద్దని ముస్లిం గ్రంథంలో ఒక హదీసు ఉన్నది. యసార్ అంటే సౌలభ్యం, రబాహ్ అంటే లాభం. అటువంటి పేరు గలవాడు ఇంట్లో ఉన్నాడా అని ఎవరైనా అడిగితే, లేడు అని చెప్పవలసి రావటం బాగుండదని అక్కడ కారణం చెప్పబడింది. ఆ లెక్కన "మహ్‌ఫూజ్ ఉన్నాడా?" అంటే "లేడు" అనవలసి రాదా అని మా మదరసా రోజులలో తోటి విద్యార్థులం వాదించుకునేవాళ్లము. కానీ జాబిర్ (రజియల్లాహు అన్హు) కథనం ప్రకారం ప్రవక్త అటువంటి పేర్లను నిషేధించాలని అనుకొని, తరువాత మౌనం వహించి, నిషేధించకుండానే పరమపదించారు. ఆ జాబితాలోనే నాఫీ అనే పేరు కూడా ఉన్నది. ఇబ్నె ఉమర్ (రజియల్లాహు అన్హు) సేవకులైన నాఫీ గారు ఆ పేరుతోనే హదీసు శాస్త్రంలో ఎంతటివారయ్యారో మీకు తెలుసు. కనుక మహ్‌ఫూజ్‌కు అభ్యంతరం ఏమీ లేదు.

ఈ పేరుతో తొలి తరాలలో మహ్‌ఫూజ్ బిన్ అల్ఖమా అనే హదీసు ఉల్లేఖకులు సిరియా ప్రాంతంలో ఉండేవారు. బాగ్దాదులో హంబలీ మజ్‌హబ్‌కు చెందిన అబుల్ ఖత్తాబ్ మహ్‌ఫూజ్ కల్వజానీ, హిజ్రీ 510లో మరణించినవారు, ఫిఖ్హ్‌లో గొప్ప పండితులు. జావా ద్వీపం నుండి వెళ్లి మక్కాలో పాఠాలు చెప్పిన షేఖ్ మహ్‌ఫూజ్ తర్మసీ 1920లో కన్నుమూశారు. ఆ దేశంలో ఈ పేరును మహ్ఫుద్ అని కూడా పలుకుతారు. ఇక ఈజిప్టు రచయిత నజీబ్ మహ్‌ఫూజ్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు ఈ పేరు పత్రికలలో మారుమోగింది. 1911లో కైరోలో ఆయన జననం కష్టమైతే, కాన్పు చేసిన వైద్యుని పేరునే కృతజ్ఞతగా బిడ్డకు పెట్టారు. ఆ వైద్యుడు నజీబ్ మహ్‌ఫూజ్ ఒక కోప్టిక్ క్రైస్తవుడు. ముస్లిం ఇంటిలో ఆ పేరు అలా వచ్చి చేరింది.

ఇప్పుడు మన ఊరి సంగతి. శ్రీకాకుళం జామియా మసీదును 1641లో కుతుబ్‌షాహీల ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన విషయం చాలామందికి తెలుసు. దాని తరువాతి నూరేళ్ల కథ అంతగా తెలియదు. ఆంగ్లేయులు చికాకోల్ అని వ్రాసిన ఈ పట్టణానికి వారి పాత గెజిటీరులో మరొక పేరు కూడా కనబడుతుంది: మహ్‌ఫూజ్ బందర్. బందర్ అంటే రేవు. సముద్రం పట్టణానికి కొద్ది మైళ్ల దూరమే గనుక ఆ మాట వింత కాదు. మహ్‌ఫూజ్ మాత్రం ఒక మనిషి పేరు. ఈ సర్కారు పాలకుడిగా ఉండి, తరువాత ఆర్కాటు నవాబైన అన్వరుద్దీన్ ఖాన్ పెద్ద కుమారుడే ఆ మహ్‌ఫూజ్ ఖాన్. తండ్రి వలెనే అతడూ ఇక్కడ పాలన చేసినవాడు.

ఆ పేరు గలవాని జీవితం ఎలా గడిచిందో వినండి. 1744లో తండ్రి ఆర్కాటు నవాబయ్యాడు. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నప్పుడు దానిని విడిపించటానికి తండ్రి పంపినది ఈ కుమారుణ్ణే. సుమారు పదివేల సైన్యంతో అడయారు నది దగ్గర నిలిచి, వెయ్యికి మించని ఫ్రెంచి దళం చేతిలో ఓడిపోయాడు. యూరపు పద్ధతి తుపాకీదళాల ముందు మన పాత సైన్యాలు ఆగలేవని లోకానికి తెలిసింది ఆ రోజుననే. మూడేళ్ల తరువాత 1749 ఆగస్టులో ఆంబూరు యుద్ధంలో వృద్ధుడైన తండ్రి మరణించాడు, మహ్‌ఫూజ్ ఖాన్ శత్రువుల చేత చిక్కాడు. తప్పించుకొని తిరుచిరాపల్లి చేరిన తమ్ముడు ముహమ్మద్ అలీ వాలాజా ఆంగ్లేయుల అండతో నవాబయ్యాడు. పెద్దవాడు విడుదలై వచ్చి తమ్ముని కింద మధుర, తిరునెల్వేలి శిస్తుల వ్యవహారం చూశాడు. అదీ పోయిన తరువాత అక్కడి పాలెగాండ్రతో కలిసి తమ్ముని మీదనే తిరగబడ్డాడు. కాపాడబడినవాడు అనే పేరుతో ఇన్ని పరాజయాలు! పేరు తాయెత్తు అయితే ఈ మనిషికి పనిచేయలేదన్నమాట. తమ్ముడు రాజ్యం ఏలినది ముహమ్మద్ అలీ అనే పేరు తేలిక అయినందుకా?

పట్టణం మాట కూడా చూడండి. మహ్‌ఫూజ్ బందర్ అనిపించుకున్న ఈ ఊరిని 1866 కరువు పీడించింది. 1876లో నాగావళి వరద ఊరినీ వంతెననూ దెబ్బతీసింది. ఊరు నిలిచే ఉన్నది. ఆ పేరు మాత్రం నిలవలేదు. శ్రీకాకుళం అనే పాత పేరే జనం నోట నిలిచింది, అది సహజమే. మాకు విచారం కలిగించేది వేరు. ముప్పది ఏళ్లుగా మేము నిఖాలు చదువుతున్నాము, మక్తబులో హాజరు పిలుస్తున్నాము. హఫీజ్‌లు, హాఫిజాలు, మహబూబ్‌లు లెక్కలేనంతమంది. మహ్‌ఫూజ్‌లు ఒక చేతి వేళ్లకు మించలేదు. బెంగాలులో, బంగ్లాదేశ్‌లో మహ్‌ఫూజుర్ రహమాన్ అని వీధివీధిన వినిపించే పేరు, ఒకనాడు ఊరికే పెట్టుకున్న మన దగ్గర ఇంత అరుదైపోయింది.

ఆ వృద్ధురాలికి ఆనాడు చెప్పినది ఇది: "అమ్మా, పేరు మార్చకండి. మందు ఆపకండి." ప్రవక్త తమ మనుమలు హసన్, హుసైన్‌లపై చదివిన రక్షణ దుఆ ఒకటున్నది, ఇబ్రాహీం (అలైహిస్సలాం) తమ కుమారులిద్దరి కొరకు దానినే చదివేవారని ఆయన చెప్పారు. దానిని ఆమె చేత మూడుసార్లు పలికించాము. ఊపిరితిత్తుల వైద్యుణ్ణి మళ్లీ కలవమని తండ్రికి విడిగా చెప్పాము.

రెండు వారాల తరువాత ఆ తండ్రి ఒంటరిగా వచ్చాడు. దగ్గు కొంత తగ్గిందట. చేతిలో జనన ధ్రువపత్రం. అందులో పిల్లవాని పేరు మహబూబ్ అని పడింది. అవును మరి, వ్రాసేవారికి ఎప్పుడూ వినబడే పేరే చేతికి వస్తుంది. దిద్దించటానికి వెళితే మళ్లీ తప్పు పడకుండా అరబీలోనూ, తెలుగులోనూ స్పష్టంగా వ్రాసి ఇమ్మన్నాడు. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాసి ఇచ్చాము: మ, హ్, ఫూ, జ్. ఫూ దగ్గర దీర్ఘం మరువవద్దని చెప్పి పంపాము.