పచ్చకొండ మీద వాన

లిబియా అనగానే మనవాళ్లకు ఇసుక, చమురు గుర్తొస్తాయి. నేను ఇన్నేళ్లుగా కాపురముంటున్న ఈ తూర్పు సీమ, బర్కా, అలాంటిది కాదు. బెంఘాజీ దాటి తూర్పుకు వెళ్తే సముద్రాన్ని ఆనుకునే జబల్ అఖ్దర్ లేస్తుంది. ఆ మాటకు పచ్చకొండ అని అర్థం. ఎత్తు 900 మీటర్లకు కాస్త తక్కువ. చలికాలంలో మధ్యధరా మబ్బులు దీనికి తగిలి కురుస్తాయి. కొండకు దక్షిణంగా దిగితే మాత్రం పచ్చదనం పలచబడి ఎడారి మొదలవుతుంది.

ఈ వానను నమ్ముకునే క్రీ.పూ. 631 ప్రాంతంలో థేరా దీవి గ్రీకులు కొండమీద సిరీన్ నగరం కట్టారు. భూమి చుట్టుకొలత లెక్కగట్టిన ఎరటోస్తనీస్ పుట్టింది అక్కడే. ఊరికి సిరులు తెచ్చింది సిల్ఫియం అనే మొక్క. వంటకూ మందుకూ దాని జిగురు వాడేవారు, నాణేలమీద దాని బొమ్మ ముద్రించారు. సాగుకు లొంగని ఆ మొక్క రోమన్ల కాలానికి కనుమరుగైంది. చివరి కాడను నీరో చక్రవర్తికి పంపారని రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. అది దొరకక రోమన్లు వాడుకున్నది తూర్పు నుంచి వచ్చే ఇంగువనే. ఇక్కడ పప్పుచారుకు పోపు పెట్టినప్పుడల్లా నాకు ఆ మొక్కే తలపుకొస్తుంది.

తర్వాత అరబ్బులు, తురుష్కులు వచ్చారు. 1911లో ఇటలీ దండెత్తింది. ఖురాన్ చదువు చెప్పే ఒమర్ ముఖ్తార్ ఇరవై ఏళ్లు ఈ కొండలోయల్లోంచే పోరాడాడు. ఆయనకు అన్నం పెట్టే చేతులు లేకుండా చెయ్యాలని 1930లో ఇటలీ సేనాని గ్రాజియానీ సైన్యం కొండనే ఖాళీ చేయించింది. సుమారు లక్షమందిని, పిల్లాపాపలతో, గొడ్డూగోదాతో, తీరపు ఎడారిలోని సులూఖ్, మగ్రూన్, అగైలా లాంటి ముళ్లకంచె శిబిరాలకు తోలారు. ఆకలితో, రోగాలతో వేలకు వేలమంది పోయారు. 1931 సెప్టెంబరు 16న సులూఖ్‌లో, బందీలైన తన జనం కళ్లెదుటే, ఆ ముసలాయనను ఉరితీశారు. యూరప్ చేసిన ఈ ఘోరాన్ని మన పాఠ్యపుస్తకాల్లో నేనెప్పుడూ చదవలేదు. చదివి ఉండాల్సింది.

అన్నం పెట్టిన ఆ వానే 2023 సెప్టెంబరులో మృత్యువైంది. తుపానుకు ఈ కొండ కిందున్న దెర్నా ఊరి పైనున్న రెండు ఆనకట్టలూ తెగి, అర్ధరాత్రి వేలమంది సముద్రంలోకి కొట్టుకుపోయారు. కట్టలు బలహీనపడ్డాయని నిపుణులు ముందే హెచ్చరించారు.

లిబియా అంటే ఉత్త ఎడారేగా అని ఎవరైనా అంటే పచ్చకొండ పేరు చెప్పండి. సులూఖ్ పేరు కూడా చెప్పండి.