జమ్మిచెట్టు మీఁది ఆయుధములు

మహాభారతమందలి విరాటపర్వమున నొక చిత్రమైన ఘట్టము కలదు. కౌరవసేన గోవులను దోలుకొని పోవుచున్నది. బృహన్నల పనుపున నుత్తరుఁడు జమ్మిచెట్టెక్కి పాండవుల యాయుధముల కట్ట విప్పినాఁడు. శత్రువు లెదుట నున్నారు. కాలయాపనకుఁ దావు లేదు. అయినను ఆ రాజకుమారుఁడు ప్రశ్నలు వేయ మొదలిడును. బంగారుచుక్కల విల్లెవ్వరిది? ఏనుఁగుబొమ్మల విల్లెవ్వరిది? ఈ యొరలోని కత్తి యెవ్వరిది? ఒక్కొక్క గుఱుతునకు నొక్కొక్క యజమానుని పేరు చెప్పుచు నర్జునుఁడు బదులిచ్చును. పాత యాయుధమును జూచిన మనుష్యునకు మొదటఁ బుట్టు ప్రశ్న ‘ఇది యెంత దూరము కొట్టును’ అనునది కాదు. ‘ఇది యెవ్వరిది’ అనునది.

కాలము చెల్లిన సైనికుల తుపాకులను సేకరించు వ్యసనమునకు మూలము ఈ ప్రశ్నయే యని నా యభిప్రాయము. ఈ వ్యసనము అమెరికాలో విశేషముగాఁ బ్రబలినది. రెండు ప్రపంచయుద్ధములలోఁ గోట్లకొలఁది రైఫిళ్లు తయారయ్యెను. 1945 తరువాత, తమంతటఁ దామే గుండ్లు నింపుకొను క్రొత్త తుపాకులు వ్యాపింపఁగా, ప్రతి గుండునకు గడియ లాగి త్రోయవలసిన పాతవి ప్రభుత్వములకు బరువైనవి. వర్తకులు వానిని రాసులుగాఁ గొనిరి. సామ్యూల్ కమింగ్స్ అను నతఁడు 1953లో స్థాపించిన ఇంటరార్మ్స్ సంస్థ యీ వ్యాపారముననే పేరొందెను. సామాన్యగుమాస్తా యొకఁడు కొలఁది డాలర్లకు నొక సామ్రాజ్యపు సైనికుని తుపాకిని ఇంటికిఁ దెచ్చుకొనఁగలిగెను. 2003లో నేపాళమందలి పాత ఆయుధాగారమునుండి వేలకొలఁది తుపాకులు ఇట్లే అమెరికాకుఁ దరలినవి. ఏఁబదియేండ్లు దాటిన తుపాకులను సేకరించువారికి అచ్చటి శాసనము ప్రత్యేకమైన లైసెన్సు నొసఁగుచున్నది.

మంచి సేకర్త తుపాకిని గాల్చుటకన్నఁ జదువుటయే యెక్కువ. దానిపైఁ గర్మాగారపు ముద్ర, సంవత్సరము, పరీక్షాధికారి ముద్ర, వరుససంఖ్య యుండును. రష్యా 1891లో స్వీకరించిన మోసిన్ రైఫిలును దీసికొందము. 1942లో తయారైనవానిపైఁ దరిమెన గీతలు నునుపు చేయక యట్లే విడువఁబడినవి. నునుపు చేయుటకు వ్యవధి లేదు; జర్మనులు వోల్గానది దాఁక వచ్చియుండిరి. ఆ జాతి తుపాకులలోనే కొన్నింటిపై రష్యాముద్ర ప్రక్కను ‘ఎస్.ఏ.’ అను ఫిన్లండు సేనాముద్ర కనఁబడును. పట్టువడిన తుపాకి పట్టినవాని కొలువునఁ జేరినదన్నమాట.

1948లో క్రొత్తగా నేర్పడిన ఇజ్రాయేలునకు జెకోస్లోవేకియానుండి వచ్చిన మౌజరు తుపాకుల సంగతి యింకను చిత్రమైనది. వానిలోఁ గొన్నింట నాజీల డేగముద్రయు దావీదు నక్షత్రమును నొకే యినుముపై నేఁటికిని గానవచ్చును. ఏ జాతిని నిర్మూలింపఁ బూనిన రాజ్యము దానిని జేయించెనో, ఆ జాతియే దానితోఁ దన్నుఁ గాపాడుకొనెను.

మన చరిత్రకు సంబంధించిన దొకటి చెప్పెదను. 1857లో ఎన్‌ఫీల్డు తూటాలకుఁ బూసిన క్రొవ్వును గుఱించి సిపాయిలలోఁ బుట్టిన కలవరము అందఱెఱిఁగినదే. తరువాతి కథ యంతగాఁ బ్రచారములో లేదు. ఆ రైఫిలు గొట్టములోపల మెలిచాళ్లుండును. గుండు వానివెంటఁ దిరుగుచుఁ బోవుటచే దూరపు గుఱి తప్పదు. తిరుగుబాటణఁగిన పిదప దేశీయసైనికులకొఱకు 1858, 1859 నమూనాలు వెలసినవి. చూపునకు అది ఎన్‌ఫీల్డే. కాని గొట్టములో మెలిచాళ్లు లేవు. దూరపు గుఱికై నిచ్చెనవలె లేచు పలక లేదు. తెల్లవాని చేతిలో రైఫిలు, మనవాని చేతిలో రైఫిలు వేషము! 1858లోనే వెలువడిన విక్టోరియారాణి ప్రకటనలో జాతిమతభేదము లేక కొలువులిత్తుమను వాగ్దానము గలదు. ఆ యేఁటి నమూనా తుపాకి గొట్టములో వ్రేలు పెట్టి చూచిన నున్నగాఁ దగులును. ఆ కాగితమును, ఆ గొట్టమును బ్రక్కప్రక్కల నుంచి చదివినఁగాని చరిత్ర పూర్తికాదు.

అయినను తుపాకి తాటియాకుల గ్రంథము కాదు. గ్రంథము పురుగుపట్టి నశించును. నూనె రాచి యుంచిన తుపాకి నూఱేండ్లకును బనిచేయును. 1940లో ఇటలీదేశపు టెర్నీలో తయారైన కార్కానో రైఫిలొకటి, 1963 మార్చిలో దూరదర్శినితోఁ గూడ 19.95 డాలర్లకుఁ దపాలామూలమున నమ్ముడువోయెను. ఆ నవంబరు 22న డల్లాసు నగరమున దానితోనే కెనెడీ అధ్యక్షుఁడు హతుఁడయ్యెను. 1968 శాసనము ఆ తపాలా బేరమును గట్టుపఱచినది. కాలము చెల్లినదని మనమనుకొన్నంతమాత్రమున ఆయుధమునకుఁ గాలము చెల్లదు.

ఇంతకన్న సూక్ష్మమైన దోషము మఱొకటి కలదు. జపానుసేన అరిసాకా రైఫిలుపైఁ జక్రవర్తి చిహ్నమైన పదునాఱు రేకుల చామంతి చెక్కఁబడి యుండెడిది. 1945లో లొంగుబాటు తరువాత నప్పగించిన తుపాకులలోఁ బెక్కింటిపై ఆ పువ్వు రాచివేయఁబడినది. పువ్వు చెక్కుచెదరక మిగిలినవానిలోఁ బెక్కు రణరంగమున విజేతలు ఎత్తుకొన్నవి. సేకర్తలు ఈ రెండవవానికే యెక్కువ వెల యిత్తురు. ఏలయనఁగా నిండుగా నున్నదని. కాని విచారింపుఁడు. రాచివేసిన పువ్వు, తుపాకి క్రిందఁ బెట్టి బ్రదికి యింటికిఁ బోయినవానిది కావచ్చును. నిండుపువ్వు పెక్కుసారులు ఇంటికిఁ బోనివానిది. అంగడి వెల కట్టునది ఇనుము యొక్క నిండుతనమునకు. చరిత్ర వెల కట్టవలసినది గీఁతకు, చెఱపునకు, దిద్దుబాటునకు. ఈ భేద మెఱుఁగని సేకరణము ఆయుధపూజయే కాని విద్య కాదు.

మన దేశమున నీ వ్యసనమునకు అవకాశము తక్కువ. 1959 ఆయుధశాసనమునకు 2019లో చేసిన సవరణచే సామాన్యముగా నొకఁడు రెండు తుపాకులకు మించి యుంచుకొనరాదు. ఇందులకు నేను విచారింపను. ఇంటింటఁ దుపాకి యుండనక్కఱలేదు. ఊరూర నుత్తరునివలె నడుగు బాలుఁడుండిన మేలు. హైదరాబాదులోని సాలార్‌జంగు ప్రదర్శనశాల వంటి చోటులకు విద్యార్థులను గొనిపోవునపుడు మా యుపాధ్యాయులము ‘ఇది కత్తి, ఇది తుపాకి’ యని చెప్పి ముందునకు నడిపింతుము. అట్లు గాక యొక్కదానియెదుటనైన నిలువవలెను. దీనిని ఎవరు చేసిరి, ఎవరి కిచ్చిరి, ఎవరి కీయ నిరాకరించిరి, తుద కెవరి చేతినుండి జాఱెను అని పిల్లలచేత నడిగింపవలెను.

పాండవులు తమ యాయుధములతోఁ బాటు ఆ జమ్మికొమ్మకు నొక శవమును గూడఁ గట్టిరి; జనులు దగ్గఱకు రాకుండుట కట. ఉత్తరుఁడు దానికే జంకెను. భయము లేదని చెప్పి బృహన్నల యతనిఁ జెట్టెక్కించినది. ఆ కట్ట విప్పువారందఱును, ప్రశ్నలడుగుటతోఁ బాటు, ఆ జంకును గూడఁ గొంచెము నిలుపుకొనుట మంచిది.