సింగపూర్ ఇంగ్లీషు: వాడుకలో ఉచ్చారణ

ఇంగ్లీషు, మలయ్, మాండరిన్, తమిళం అధికార భాషలుగా ఉన్న సింగపూర్‌లో 1987 నాటికి బడులన్నిటా ఇంగ్లీషే ప్రధాన బోధన భాషగా స్థిరపడింది. 2010లో అయిదేళ్లు, ఆపై వయసున్న నివాసుల్లో 32.3 శాతం మంది ఇంట్లో ఎక్కువగా ఇంగ్లీషు మాట్లాడేవారు. 2020 జనగణన నాటికి ఆ వాటా 48.3 శాతమైంది. అంటే అది అక్కడ ఇంటి భాషగా వేళ్లూనుకుంటోంది. అయినా ఆ వాడుకలో ధ్వనులు మారడం, రాలడం బ్రిటిష్ ఇంగ్లీషును సరిగా పలకలేకపోవడమేనన్న అభిప్రాయం పోలేదు. నిజానికి ఆ మార్పులకు వాటి నియమాలు వాటికున్నాయి.

గబగబా మాట్లాడేటప్పుడు ఏ ఇంగ్లీషూ నిఘంటువులో ఉన్నట్టు వినపడదు. లండన్‌లోనూ ‘నెక్స్ట్ వీక్’ కాస్తా ‘నెక్స్ వీక్’ అయిపోతుంది. ‘టు’, ‘ఆఫ్’ వంటి చిన్న మాటల్లో అచ్చు నలిగి అస్పష్టమవుతుంది, మాట చివరి హల్లు తర్వాతి అచ్చుకు అతుక్కుంటుంది. సింగపూర్‌లో అచ్చు అంతగా నలగదు. లో ఈ లింగ్, ఎస్తర్ గ్రాబే, ఫ్రాన్సిస్ నోలన్ 2000లో ప్రచురించిన పరిశోధనలో పక్కపక్కనున్న అచ్చుల నిడివిని కొలిచారు. బ్రిటిష్ మాటలో ఆ నిడివుల మధ్య తేడా ఎక్కువ, సింగపూర్ మాటలో తక్కువ. 2001లో డేవిడ్ డిటర్డింగ్ వేరే పద్ధతిలో అక్షరాల నిడివిని కొలిచి చూసినా సింగపూర్ లయే ఎక్కువ సమంగా ఉన్నట్టు తేలింది. రెండు మాటలు కలిసేచోట కూడా హల్లును అచ్చుకు అతికించే బదులు గొంతులో చిన్న బిగింపు రావడం పరిపాటి. మాటలు టకటకమని విడివిడిగా వినపడడానికి అదొక కారణం.

కోత పడేది మాట చివరి హల్లు మీద. ‘జస్ట్’ అన్నది ‘జస్’ అవుతుంది, ‘ఫస్ట్’ అన్నది ‘ఫస్’. హల్లు ముందు ట్ రాలడం లండన్‌లోనూ ఉన్నదే. సింగపూర్‌లో ‘ఫస్ట్ ఆఫ్ ఆల్’లో లాగా అచ్చు ముందు, మాట ఆగిపోయేచోట కూడా రాలుతుంది. ‘థింక్’ మొదట్లోని ధ్వని ట కారానికి దగ్గరవుతుంది, ‘విత్’ చివర ఫ్ వినిపిస్తుంది. మాట చివరి హల్లులు రాలడంలో, అక్కడి చాలామంది పూర్వీకులు మాట్లాడిన హొక్కియన్ వంటి దక్షిణ చైనా భాషల ఛాయ కనిపిస్తుంది. వాటిలో మాట చివర సంయుక్త హల్లులుండవు. ప్, ట్, క్ వచ్చినా గాలి బయటికి వదలకుండా నోటిలోనే ఆగిపోతాయి. ఇలాంటి ఇబ్బందికే తెలుగువాళ్లు వేరే దారి చూసుకున్నారు: హల్లును తీసేయకుండా అచ్చు చేర్చి బస్సు, కారు, బెంచి అన్నారు.

ఇదంతా బద్ధకమే కదా అనేవారున్నారు. బద్ధకమే అయితే ‘స్ట్రీట్’ మొదట్లోని మూడు హల్లుల్లో ఒకటైనా పోవాలి. అవి సాధారణంగా నిలుస్తాయి. బ్రిటిష్ నోరు మింగేసే చిన్న మాటల అచ్చులను సింగపూర్ నోరు శ్రమ తీసుకుని పూర్తిగా పలుకుతుంది. బద్ధకం ఒకచోట పనిచేసి మరోచోట ఎందుకు మానేస్తుంది? పూర్వీకుల భాషల ప్రభావం తరాలతోపాటు పోతుందన్న వాదనా పూర్తిగా నిలవదు. హొక్కియన్ సరిగా రాని పిల్లల ఇంగ్లీషులోనూ ఈ లక్షణాలు వినిపిస్తాయి; వాళ్లకు అవి వచ్చింది ఇంట్లో, బడిలో విన్న ఇంగ్లీషు నుంచే. బయటివాళ్లకు అర్థం కాకపోతే ఎలా అన్నది మాత్రం న్యాయమైన ప్రశ్నే. 2000లో ప్రభుత్వం ‘మంచి ఇంగ్లీషు మాట్లాడండి’ ఉద్యమాన్ని మొదలుపెట్టడం వెనక ఆ బెంగ ఉంది. అయితే చదువుకున్నవారిలో చాలామంది సందర్భాన్ని బట్టి తీరు మార్చుకుంటారు: తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో ‘జస్’ అన్న మనిషే ఆఫీసు సమావేశంలో చివరి ట్ పలకగలడు.

అన్నిటికన్నా చిక్కైన ఆక్షేపణ వ్యాకరణం వైపు నుంచి వస్తుంది. ‘వాక్డ్’ అనాల్సినచోట ‘వాక్’ అంటే రాలింది ధ్వనా, భూతకాల ప్రత్యయమా? కేవలం ధ్వని సంగతే అయితే, ప్రత్యయం విడి అక్షరంగా పలికే ‘వాంటెడ్’లో అది మిగలాలి; రూపమే మారిపోయే ‘వెంట్’కు బదులు ‘గో’ రాకూడదు. కానీ సింగపూర్ వాడుక ఇంగ్లీషైన సింగ్లిష్‌లో ‘యెస్టర్డే ఐ గో’ వంటి వాక్యాలు మామూలే. కాలం సంగతి ‘యెస్టర్డే’ చెబుతుంది. కాబట్టి రాలిన ప్రతి డ్‌నీ ఉచ్చారణ ఖాతాలో వేయడానికి లేదు. ‘జస్ట్’, ‘ఫస్ట్’లలో పోయే ట్‌కు మాత్రం వ్యాకరణంతో పనిలేదు, అది పూర్తిగా ధ్వని నియమమే.